కొట్టేయించిన పేజీ

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ చివరి నవలలో ఒక ముసలమ్మ రేషన్ బియ్యం కోసం దేశానికి జై కొట్టే పేజీ ఒకటుండేది. ప్రూఫులు దిద్దుతూ నేను, "గిది మరీ ఎక్కువైందన్నా, ఎవలు నమ్ముతరు?" అన్నాను. నువ్వు వాదించలేదు. ఆ పేజీ తీసేశావు.

ఈ పొద్దున నెల్లికుదురు రేషన్ షాపులో నా ముందు ఒక అవ్వ నిలబడింది. కూలి పనులతో అరిగిపోయిన ఆమె వేలిముద్రను మిషన్ ఎంతకీ తీసుకోలేదు. వెనకున్న ఒకాయన వేళాకోళంగా, "అసలు నువ్వు గీ దేశపుదానివేనా అవ్వా? ఒక్కపారి దేశానికి జై కొట్టు, సూద్దాం" అన్నాడు.

అవ్వ చెప్పులు విడిచింది. చేతులు జోడించి, గొంతు చించుకుని జై కొట్టింది. వేలిని కొంగుతో తుడుచుకుని మళ్లీ మిషన్ మీద పెట్టింది.

"ఇప్పుడన్న పడ్తదా బిడ్డా?" అని డీలర్‌ను అడిగింది.

పడలేదు. రేపు రమ్మన్నాడు.

లైనంతా నవ్వింది. నేనూ నవ్వానన్నా.

ఎవరూ నమ్మరని నేను కొట్టేయించిన నీ పేజీలో ఒక్కరూ నవ్వలేదు. జై కొట్టాక ఆ ముసలమ్మకు బియ్యం కూడా ఇచ్చారు.