మబ్బుల కనుమ మీద చిక్కుబడిన భీమరాజును దింపించుట గురించి

నల నామ సంవత్సరం, జ్యేష్ఠ మాసం

అమలాపురం తాలూకా తాశీల్దారు వారి సముఖమునకు, రేవులో కొబ్బరికాయల బేరము చేసుకొను కడలి బుల్లబ్బాయి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: అవతలి సంస్థానపు సరిహద్దున, మబ్బుల కనుమ మీద జ్వరముతో పడియున్న నా స్నేహితుడు భీమరాజును వానలు పట్టకముందే దింపించుట గురించి, మరియు అక్కడికి మళ్ళీ పోవుటకు నాకు తోడుగా ఒక బిళ్ళ బంట్రోతును, దొరికినంతలో లావుపాటి వానిని, దయచేయుట గురించి.

1. ప్రభువువారికి మనవి ఏమనగా, నేను, భీమరాజు, పడవ నడుపు సత్తియ్య చిన్ననాటి స్నేహితులము. మా సీమలో ఎత్తు చూడవలెనన్న కొబ్బరిచెట్టు ఎక్కవలెను. మబ్బుల కనుమ మీద నిలబడితే మేఘము కాళ్ళకింద నుండి పోవునని ఒక ఉప్పు బేరగాడు చెప్పెను. అది చూడకుండా చావరాదని, నలభై దాటిన ముగ్గురము మతి తప్పి, భీమరాజు బండిమీద కొబ్బరికాయలు వేసుకొని, బల్లకట్టు మీద గోదావరి దాటి బయలుదేరితిమి.

2. కొండ మొదట ఊరిలో ఎడ్లన్నిటికి నాడాలు కొట్టియున్నవి. మా వైపు ఎడ్లు నడుచునది ఇసుకలోను, బురదలోను. వాటికి ఇనుము ఎవరు కొట్టింతురు? "ఏరా భీమరాజూ, ఇక్కడ ఎడ్లు జోళ్ళేసుకుని కచేరీకి వెళ్తాయంటరా?" అని నేనంటిని. "నా ఎడ్ల కాళ్ళకి మేకులు దిగ్గొడతానంటే ముందు నీ కాళ్ళకి కొట్టిస్తాను" అని భీమరాజు అనెను. పగలబడి నవ్వుకొంటిమి. మేము నవ్వినది అదియే ఆఖరు.

3. ఆ బాట సంగతి. ఒక పక్క కొండ. రెండవ పక్క ఏమియు లేదు. అయ్యా, ఏమియు లేకపోవుట అనునది నేను అంతకుముందు ఎన్నడును చూడలేదు. గోదావరిలో పడితే ఈదవచ్చును. అక్కడ పడినవాడు దేనిలో ఈదవలెను? వరద గోదావరిలో పడవ నడిపిన సత్తియ్య బండిచక్రము కౌగిలించుకొని, కళ్ళు మూసుకొని, "ఒరే బుల్లబ్బాయీ, నేల ఎటేపుందో చెప్పరా" అని ఏడ్చెను. నాకు తెలిసినచో చెప్పనా? రాళ్ళమీద ఎఱ్ఱగా ఏదో కనబడగా చూతుము గదా, ఎడ్ల గిట్టలు చీలి నెత్తురు. పైకి చేరగానే రెండును కూలబడెను. మేఘము కాళ్ళకింద నుండి పోయినది నిజమే. ఒక్కడును చూడలేదు.

4. అవి కూలబడినది సరిగ్గా సరిహద్దు రాయి దగ్గర. ఎడ్లు సంస్థానములో, బండి కుంఫిణీవారి సర్కారులో. అవతలి కావలివాడు "ఎద్దులు మా గడ్డమీద పడినాయి, రహదారీ చీటీ లేకుండా వెనక్కి పోవు" అనెను. ఇవతలివాడు "ఎద్దులు లేని బండి ఎట్టా కదుల్తది? ఇక్కడే ఉండాల" అనెను. ఇంతలో భీమరాజుకు చలిజ్వరము వచ్చి రాయికి అడ్డముగా పడిపోయెను. "జ్వరం తలలో ఉండాది, తల మీ వైపు" అని ఒకడు. "నడవాల్సింది కాళ్ళు, కాళ్ళు మీవైపు" అని రెండవవాడు. మనిషిని మోసుకొనిపోవుదుమనగా భీమరాజే ఒప్పుకొనలేదు. "ఎడ్లనొదిలి రానురా. నా మాట విని నడిచొచ్చేయి అవి. చీటీ అట్టుకురా" అనెను. సత్తియ్య కళ్ళు తెరువడు గనుక వానిని భీమరాజు దగ్గర ఉంచి నేను దిగితిని. నిలబడి దిగలేదు, కూర్చుండి జరుగుచు దిగితిని. నా పంచె వెనుక భాగము సాక్ష్యముగా జతపరచదగిన స్థితిలో లేదు.

5. ఇక్కడికి వచ్చి చెప్పగా రేవులో జనము పొట్టలు పట్టుకొని నవ్విరి. "కిందటేడు లంకలో ఏనుగు ఈనిందన్నారు, మేం చూడ్డానికి వెళ్ళేం. ఇయ్యేడు కొండెక్కేరాండీ బుల్లబ్బాయిగారూ?" అని దేవసహాయమనువాడు. నవ్వనిది భీమరాజు భార్య సూర్యకుమారి ఒక్కతే. "అన్నయ్యగారూ, ఎగతాళి చేసేటప్పుడు మీరు ఎదటోళ్ళ మొహంకేసి చూస్తారు. ఇయ్యాళ నేలకేసి చూస్తున్నారేటండీ?" అనెను. "మళ్ళీ వెళ్తారా మీరు?" అని అడిగెను. "ఆయ్" అంటిని. అన్నది నోరు. కాళ్ళు ఇంకను ఒప్పుకొనలేదు.

6. కావున ఎడ్లు రెంటికిని రహదారీ చీటీ, కావలివారిరువురికి చెరొక తాకీదు, పైన మనవి చేసుకొన్న బంట్రోతు ఇప్పించవలెను. ఒక్కడను పోలేను. కళ్ళు మూసినచో ఆ ఏమియు లేని పక్కయే కనబడుచున్నది. ఒక వాన కురిసెనా, ఆ బాట జారును, జ్వరపువాడు అక్కడే. నేను నవ్వించువాడను గాని, నవ్వురాని చోట దేనికి పనికివత్తునో నాకే తెలియదు.

ఈ ముక్కలు నవ్వని గుమాస్తా చేత చదివించుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఇదివరకు ధైర్యవంతుడు,
కడలి బుల్లబ్బాయి వ్రాలు

తా.క. చేవ్రాలు తడి ఆరకముందే సూర్యకుమారి వచ్చినది. "బంట్రోతొచ్చీదాకా జ్వరం కూచుంటాదేటండీ?" అని, కషాయపు దినుసులు, గిట్టలకు చుట్టుటకు మెత్తగా దంచిన కొబ్బరిపీచు మూటగట్టుకొని పడవెక్కి కూర్చున్నది. నేనూ ఎక్కేను. కావున బంట్రోతును మానిపించి, చీటీ మాత్రము వెనుకనే తరుమవలెను. పడవ ఊగుచున్నది, అక్షరములు మన్నించవలెను. పుట్టి బుద్ధెరిగి కొండ చూడని మనిషి, "ఎంతెత్తుంటుందండీ?" అని అడిగినది. "అంతేం లేదమ్మా, మన ఏటిగట్టు కంటే ఓ పిసరెక్కువ" అని చెప్పేను. దారిలో ఎవ్వరును ఆవిడతో నిజము చెప్పకుండ తాకీదు చేయించ ప్రార్థన.