పదిహేడు బతికాయి

తమ్ముడూ, నువ్వూ మరదలూ చల్లగా ఉండాలి.

నువ్వు పంపిన ఇరవై వంకాయ పురుగులూ, మందు సీసా చేరాయి. నువ్వు కలిపే మోతాదులోనే ఆ మందు పెట్టి చూశాను. మర్నాటికి పదిహేడు బతికే ఉన్నాయి. ఒకటైతే డబ్బాలో పరిచిన కాగితం కొరుకుతోంది. "ఎంత మొండివి మేడమ్! మీ ఇంటివేగా" అంది మా ల్యాబ్ అమ్మాయి. మేం ఏళ్లుగా మందు వాసన తగలకుండా పెంచుతున్న పురుగులు మాత్రం అదే సీసా మందుకి అన్నీ చచ్చాయి. అంటే మందు కల్తీ కాదు, నీ పురుగులే దానికి అలవాటు పడ్డాయి. మందు అమ్మిన కొట్టు ఆయన్ని దొంగ అన్నావట, వెళ్లి మంచిమాట చెప్పిరా. రెట్టింపు మోతాదు మాత్రం కొట్టకు; మెత్తనివి పోయి మొండివే మిగులుతాయి. పుచ్చు కాయలు ఏరి లోతుగా పాతెయ్.

పాప దగ్గు తగ్గిందా?

మరదలు పెరట్లో నిన్ను మందు కొట్టనివ్వదుగా, ఆ మొక్కల పుచ్చు కాయలు పది పంపమను. వాటి పురుగులు చస్తే, మందుకి లొంగేవి మన దగ్గర ఇంకా ఉన్నట్టే. కొన్నాళ్లు మందు ఆపితే అవి నీ మొండివాటితో కలిసి పిల్లల్ని పెడతాయి, అప్పుడు మందు మళ్లీ పనిచేయొచ్చు, నీ తోట నిలబడొచ్చు.

ముప్పై ఏళ్లుగా పురుగుల్ని చంపుతున్నా, అందుకు దేవుడి సాయం ఎన్నడూ అడగలేదు. ఆ పది కాయల్లోవి చావాలని మాత్రం ఇప్పట్నుంచే రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

అక్క