తొడిమ లేని పండు

జేన్స్‌విల్, ఒహాయో
14 మే 1961

ప్రియమైన ఆరిన్,

కుర్చీలో కూర్చునే చదువు. దొరికింది! నా నాణేల పళ్ళెంలో ఒక్క గుంట ఖాళీగా ఉందని పంతొమ్మిదేళ్ళుగా నన్ను ఏడిపిస్తున్నావే, ఆ గుంటలో పడాల్సిన సెంటు నిన్న నా చేతికొచ్చింది. 1798 నాటి పెద్ద రాగి సెంటు, వెనకవైపు ఆకులదండలో తొడిమ లేని పండు. నువ్వు కనిపెట్టిన రకం. నాణేల రకాలన్నీ జాబితా వేసిన పెన్నిమన్ పుస్తకంలో నీ పేరుతో ఉన్న రకం. ఇన్నాళ్ళూ లోకంలో నీ ఒక్కడి దగ్గరే ఉన్న రకం.

ఎక్కడనుకున్నావు? చర్చివాళ్ళు పాత సామాన్లు అమ్మే బల్ల మీద, గుండీల డబ్బాలో. బల్ల వెనకున్న ఆవిడ "అది గుండీ కాదండోయ్, కుట్టుకోవడానికి చిల్లయినా లేదు" అంది. "చిల్లు లేనిదే కావాలమ్మా" అని డబ్బా మొత్తం కొనేశాను.

వెర్నా మాత్రం "ఆ బిళ్ళని చూసినంత సేపు నన్నెప్పుడైనా చూశావా?" అంది. ఆ రోజుల్లో టంకశాలలో ఒక్కో అచ్చూ చేత్తో తయారుచేసేవాళ్ళనీ, ఏ రెండూ ఒకలా ఉండవనీ, ఆ తేడాలే మా వెతుకులాట అనీ మళ్ళీ చెప్పాను. ఆవలించింది.

చిన్న సందేహం. తొడిమ ఉండకూడని చోట వెంట్రుకంత గీత కనిపిస్తోంది. మట్టో, నా కళ్ళో తెలియదు. నాణెం రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. మూడు వారాలు చూస్తే గాని నోరు విప్పవని తెలుసు. తీరిగ్గానే చూడు. నువ్వు ఔనంటేనే గుంటలో పెడతాను.

నీ లోవెల్

వూస్టర్, మసాచుసెట్స్
20 మే 1961

ప్రియమైన లోవెల్,

నీ నాణెం ఈ ఉదయం అందింది, ఈ సాయంత్రమే తిరిగి పంపుతున్నాను. సందేహం అక్కర్లేదు, అది ఆ రకమే. తొడిమ దగ్గర నీకు కనబడేది గీరుడు. గుండీల డబ్బాలో పడి ఉన్న నాణేనికి గీరుళ్ళు కాక ఇంకేముంటాయి?

బ్రష్ పెట్టకు. భూతద్దం కింద ఊరికే తిప్పుతూ కూర్చోకు. గుంటలో పెట్టి సొరుగు మూసెయ్. ఇక్కడ వానలు తగ్గలేదు. నా ఎడమ కంటికి ఆపరేషన్ అంటున్నారు. వెర్నాను అడిగానని చెప్పు.

ఆరిన్

జేన్స్‌విల్
2 జూన్ 1961

ప్రియమైన ఆరిన్,

నీ ఉత్తరం చూసి సంతోషించాలి. సంతోషించలేకపోయాను.

గీరుడు లోపలికి దిగుతుంది. అచ్చులో ఉన్న గీత నాణెం మీద పైకి లేస్తుంది. ఇది నాకు మొదటి రోజున నేర్పింది నువ్వే. వెలుతురు పక్కనుంచి పడేలా కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఆ గీత పైకే లేచి ఉంది. అది తొడిమే, సగం అరగదీసిన తొడిమ.

నా దగ్గరున్న మామూలు రకాన్ని పక్కన పెట్టాను, తొడిమ పూర్తిగా ఉన్నదాన్ని. ఆకుల కొనలు అవే అక్షరాల కింద ఉన్నాయి. రెండింటిదీ ఒకటే అచ్చు. గరుకెక్కిన అచ్చుని ఎవడో నునుపు చేయడానికి సానబట్టాడు, తొడిమ కొంచెం కొంచెంగా పోయింది. పూర్తిగా పోయాక కొట్టినది నీ నాణెం. అంటే అది కొత్త రకం కాదు. పాత అచ్చు ముసలితనం, అంతే.

నేను చెప్పింది తప్పని రాయి. నీ మాట మీద నా కళ్ళని కూడా కాదంటాను. కానీ ఒక్క పూటలో ఎలా తేల్చావు? చిన్న చుక్కని చూసి నెలరోజులు నాన్చేవాడివి.

పెన్నిమన్ కొత్త కూర్పు అక్టోబరులో అచ్చుకి పోతుంది. రెండో నాణెం దొరికిందని అతనికి రాయనా, వద్దా? నువ్వు చెప్పేదాకా రాయను.

నీ లోవెల్

జేన్స్‌విల్
30 జులై 1961

ఆరిన్,

ఎనిమిది వారాలయింది. కంటి ఆపరేషన్ ఎలా జరిగింది? నాణెం సంగతి పక్కన పెట్టు. బాగున్నానని ఒక్క కార్డు ముక్క రాయి.

లోవెల్

వూస్టర్
11 సెప్టెంబరు 1961

ప్రియమైన లోవెల్,

కన్ను బాగానే ఉంది. రాయకపోవడానికి కారణం అది కాదు.

నువ్వు చూసింది నిజం. ఆ రకం లేదు. పెన్నిమన్‌కి నిన్న రాశాను, నా పేరుతో ఉన్న రకాన్ని కొట్టేయమని, తేల్చినవాడు లోవెల్ హాస్కెట్ అని వేయమని. 1936లో నాకు దొరికింది బాగా అరిగిపోయిన నాణెం. నాకు ఏది కనబడాలనుకున్నానో అదే కనబడింది. అది పొరపాటు. దానికి సిగ్గుపడను.

సిగ్గుపడేది ఇంకొకటుంది. నీది రెండో నాణెం కాదు, మూడోది. సగం తొడిమ ఉన్నదే ఒకటి 1949లో స్ప్రింగ్‌ఫీల్డ్ కొట్లో నాకు దొరికింది. పది నిమిషాల్లో అర్థమైంది. ఆ ఏటి నాణేల సేకర్తల సమావేశంలో చెప్పేద్దామనే వెళ్ళాను. అక్కడ ఆ రకం కనిపెట్టినవాణ్ణని నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టారు. ముప్పయ్యేళ్ళు గడియారాలు బాగుచేసినవాణ్ణి, నాకెవరూ ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు. కూర్చున్నాను. నాణెం జేబులోనే ఉంది. నదిలో పారేద్దామని రెండుసార్లు వంతెన దాకా వెళ్ళాను, చేతులు రాలేదు. ఇందులో పెట్టి పంపుతున్నాను.

ఆ ఏడు నుంచి ఇప్పటికి పన్నెండేళ్ళు. ఈ పన్నెండేళ్ళూ నువ్వు లేనిదాని కోసం వెతికావు. అది నాకు తెలుసు. 1953 ఫిబ్రవరిలో ఇక్కడికి ఇంకా ఉత్తరాన బాంగర్‌లో ఎవరి దగ్గరో అలాంటిది ఉందట అని మంచులో కారేసుకుని వెళ్ళావు. వెళ్ళేటప్పుడు మా ఇంట్లోనే పడుకున్నావు. వద్దని చెప్పడానికి రాత్రంతా ఉంది, చెప్పలేదు. తిరిగొచ్చేసరికి నీకు నిమోనియా. ఇక్కడి ఆసుపత్రిలో పదకొండు రోజులు, అందులో నీకు స్పృహ లేనివి నాలుగు. వెర్నా రైల్లో వచ్చింది. నీ మంచం పక్కన నన్ను చూసి, నా రెండు చేతులూ పట్టుకుని, "మీలాంటి స్నేహితుడు ఉండబట్టే ఈయన బతికాడండీ" అంది.

"అదేం మాటమ్మా" అన్నాను. ఆ మెప్పు కూడా పుచ్చుకున్నాను.

ఈ ఉత్తరం వెర్నాకి కూడా చదివి వినిపించు.

ఆరిన్