ఆ ఫోను తీయించరాదు

నేను, కీర్తిశేషులు జోషువా పాల్ గారి పెద్ద కొడుకు ఆనంద్ పాల్‌ని, వయస్సు యాభై రెండు, పెళ్లి కానివాణ్ని, నాంపల్లి స్టేషన్ రోడ్డులో టెలిఫోన్ బూతు యజమానిని, కరపత్రాల రచయితను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ బతిమాలటమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. మతి స్థిరంగా ఉంది. బీపీ స్థిరంగా లేదు. గన్‌ఫౌండ్రీలో నన్ను చూసే డాక్టరు కోపం తగ్గించుకొమ్మన్నాడు. ఈ దేశంలో పొద్దున్నే పేపరు చదివే మనిషికి అది అయ్యే పని కాదు. వీలునామా రాయటమే తేలిక. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు ఏవైనా ఉంటే రద్దు. కరపత్రాలు మాత్రం రద్దు కావు.

1. నా స్నేహితుడు, వకీలు ఇంద్రసేన ఈ వీలునామాను అమలు జరపాలి. ఆయన స్వేచ్ఛా మార్కెట్టు భక్తుడు. ఆర్థిక విషయాల్లో మూర్ఖుడు, మనిషిగా నమ్మదగినవాడు. ఎదురుగానే కూర్చుని చట్టం చెబుతున్నాడు. పై వాక్యం తీసేయమన్నాడు. తీయను.

2. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని నా మల్గీ, అంటే నాన్న మెదక్ నుంచి వచ్చి మిషన్ ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చి కొన్న ఆ చిన్న దుకాణం, అందులోని రెండు అద్దాల గదులు, బల్ల మీది ఎర్ర ఫోను, దాని నంబరుతో సహా, దుకాణం మెట్ల పక్కన మిర్చి బండి నడిపే పూలమ్మకు చెందాలి.

కారణం చెబుతాను. ఇళ్లలో ఫోన్లు లేని రోజుల్లో పక్కింటి నంబరో దుకాణం నంబరో ఇచ్చి, పక్కన పీపీ అని రాసుకునేవాళ్లం. గల్ఫ్‌కు పోయినవాడు ఆ నంబరుకు చేసి, తనకు కావలసిన మనిషి పేరొక్కటి చెప్పి పెట్టేస్తాడు. మనం పరిగెత్తి ఆ మనిషిని పిలుచుకొస్తాం. ఫోను మళ్లీ మోగుతుంది. ఆ మధ్యలో ఫోను ఎవరూ ముట్టుకోరాదు. ఇది నా దుకాణం చట్టం, ఎంత గిరాకీ నిలబడ్డా సరే. ఒకసారి ఒక పెద్దమనిషి అర్జంటుగా బొంబాయి మాట్లాడాలి, షేర్లు పడిపోతున్నాయని గోల పెట్టాడు. పడనీయండి, పూలమ్మ వస్తోంది అన్నాను.

పూలమ్మ భర్త రాజయ్య. సిద్దిపేట దగ్గరి ఊళ్లో పత్తి వేసేవాడు. పత్తి ధర కూలింది, బోరు ఎండింది, మేడలు కట్టే కంపెనీలో కూలికి దుబాయ్ పోయాడు. పూలమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని నాంపల్లి వచ్చి నా మెట్ల పక్కన పొయ్యి వెలిగించింది. శుక్రవారం ఫోను వస్తే మంట తగ్గించి, చేతులు కొంగుకు తుడుచుకుని, గోడ మీద నేను పెట్టిన దుబాయ్ టైము గడియారం వైపోసారి చూసి ఫోనెత్తేది. ఆమె ప్రేమ మాటలు నేను రాసుకోదగ్గంత గట్టిగా ఉండేవి. "ఏంది, తిన్నవా? గా కుబూసు రొట్టేనా మల్ల? గొంతు గట్ల పాయెనేంది, ఫ్రిజ్జు నీళ్లు తాగినవా? నీకు ఫ్రిజ్జెందుకయ్యా?"

తర్వాత కంపెనీ జీతాలు ఎగ్గొట్టింది. రాజయ్య బయటికొచ్చేశాడు. పాస్‌పోర్టు యజమాని పెట్టెలోనే ఉండిపోయింది. అలా కాగితాల్లేకుండా, దొరికిన పని చేసుకుంటూ, పోలీసును చూసి పక్క సందులోకి తప్పుకునేవాణ్ని అక్కడ మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. వాళ్ల వీళ్ల ఫోన్లలోంచి ఎప్పుడో ఒకసారి చేసేవాడు. మొన్న క్రిస్మస్ తర్వాత అదీ లేదు. పూలమ్మ సెల్‌ఫోను కొన్నది ఆ తర్వాత. ఆ నంబరు రాజయ్యకు తెలియదు. రాజయ్య ఎక్కడున్నాడో మాకు తెలియదు. అతనికి నోటికి వచ్చిన నంబరు ఈ భూమ్మీద ఇదొక్కటే.

అందుచేత, నేను పోయినా సరే, రాజయ్య పిలుపు వచ్చేదాకా ఆ ఫోను తీయించరాదు, నంబరు మార్చరాదు, ఫ్యాన్సీ నంబరు తీసుకుంటే లక్ష్మి వస్తుందని చెప్పే జ్యోతిష్కులను మెట్లెక్కనీయరాదు.

3. ప్రపంచీకరణ గురించి. ఇది ఆస్తి కిందికి రాదని ఇంద్రసేన అభ్యంతరం. నాకున్న ఆస్తిలో ఎక్కువ భాగం అభిప్రాయాలేనని నా జవాబు.

బేగం బజారుకు పోయి చూడండి. చైనా బొమ్మ, మలేషియా నూనె, ఎక్కడిదో తెలియని పిప్పరమెంటు. వీటిలో ఒక్కటీ ఏ ఎంబసీ ముందూ లైన్లో నిలబడలేదు. సముద్రాల అవతల ఎక్కడో పడిపోయిన పత్తి ధర తిన్నగా సిద్దిపేట చేనులో దిగింది, దాన్ని వీసా అడిగిన మగాడు లేడు. ఆ ధర దెబ్బకు రాజయ్య లేచి బయల్దేరితే మాత్రం ప్రతి గుమ్మంలోనూ అడిగారు. సరుకుకు బార్లా తెరిచిన గేటు మనిషికి సగమే తెరుస్తారు. సగం తెరిచిన గేటులోంచి వంగి దూరినవాడి కూలి చవక. ఆ చవక కూలితో అద్దాల మేడ లేస్తుంది. మేడలోకి కంపెనీ వస్తుంది. వచ్చిన కంపెనీ రాత్రిపూట ఫోన్లెత్తే పనిని ఇంకా చవగ్గా దొరుకుతుందని హైదరాబాద్‌కు పంపిస్తుంది. ఆ పని మా తమ్ముడు డెన్నిస్ చేస్తాడు! రాజయ్య కట్టిన మేడలోంచే డెన్నిస్‌కు జీతం వస్తోందని నేను నిరూపించలేను. నమ్ముతున్నాను. ఇంద్రసేన నవ్వుతున్నాడు. నవ్వు కూడా నమోదు చేస్తున్నాను.

ఇంకోటి. జనం పోయినకొద్దీ ఫోను చార్జీలు దిగాయి. చార్జీలు దిగినకొద్దీ, గొంతయినా వినొచ్చు కదా అని ఇంకా జనం పోయారు. నా బూతు బతికింది ఆ గిరాకీ మీదే. ప్రపంచీకరణను తిట్టిన నా కరపత్రాలన్నీ ప్రపంచీకరణ పుణ్యాన అచ్చయినవే. ఈ మాట అనే హక్కు నాకొక్కడికే ఉంది. డెన్నిస్ అంటే ఊరుకోను.

అటక మీద మిగిలిపోయిన "సరుకుకు గేటు, మనిషికి తాళం" కరపత్రం కట్టలను మిర్చీలు చుట్టుకోవటానికి ఇద్దామనుకున్నాను. పూలమ్మ ఒప్పుకోలేదు. "వద్దు సార్, మీ ఇంకు మిర్చీలకు అంటుతది, ఉన్న గిరాకీ పోతది" అన్నది. ఆమె కూతురు స్నేహలత డిగ్రీ చదువుతోంది. కరపత్రం మొదటి నుంచి చివరి దాకా చదివి, "అంకుల్, దీంట్ల శ్రామికశక్తి ఉన్నది, వలస ఉన్నది. మా నాయిన యాడున్నడు?" అని అడిగింది. నాకు విపరీతమైన కోపం వచ్చింది. మర్నాడు కూర్చుని కరపత్రం మొదటి పేజీ మళ్లీ రాశాను. ఇప్పుడది కుబూసు రొట్టెతో మొదలవుతుంది. పాత కట్టలన్నీ ఆదివారాల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచే రామచందర్‌కు చెందాలి.

4. తమ్ముడు డెన్నిస్‌కు. సికింద్రాబాద్ ఇల్లు నాన్న నీకే ఇచ్చాడు కనుక అక్కడ నాకు పేచీ లేదు. నా పేచీ వేరే. "తమ్ముడు డెన్నిస్‌కు ప్రేమతో" అని సంతకం చేసి ఇచ్చిన నా కరపత్రం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నాకే దొరికింది. బేరమాడి నా పుస్తకం నేనే కొనుక్కున్నాను. రచయితనని చెప్పినా రామచందర్ తగ్గించలేదు. ఆ ప్రతి మళ్లీ నీకే ఇస్తున్నాను. ఈసారి పోగొట్టుకోవద్దు.

దానితోపాటు హైదరాబాద్ టైము చూపించే గోడ గడియారం కూడా నీకే. షికాగోవాళ్ల పొద్దుటికి లేచి, వాళ్ల మాపటికి పడుకుని, డానీ అని పేరు చెప్పుకుని నువ్వు చేసే కొలువులో ఇక్కడ ఎంతయిందో చెప్పేది ఒకటి ఇంట్లో ఉండాలి. రాజయ్య ఒళ్లు దుబాయ్‌లో ఉంది, గొంతు నాంపల్లిలో. నీ ఒళ్లు సికింద్రాబాద్‌లో ఉంది, గొంతు ఎక్కడుందో నీకే తెలియదు.

మల్గీ నీకివ్వకపోవటానికి కారణం నీ మాటే. "అన్నా, ల్యాండ్‌లైను ఎవడు వాడుతుండన్నా? తీసి పారేయ్. సెల్ కంపెనీవాళ్లు బోర్డు పెడ్తమంటున్నరు" అన్నావు. వీలునామా లేకుండా నేను పోతే చట్టం మల్గీలో నీకు భాగం పెడుతుంది. నువ్వు ఫోను పెరికేస్తావు. రాజయ్య అక్కడ ఎవరినో బతిమాలి, ఫోను తీసుకుని చేస్తాడు. నంబరు పలకదు. అంతే, మనిషి పోతాడు. బీపీ అని డాక్టరు అన్న రోజు నాకు చావు గుర్తుకు రాలేదు తమ్ముడూ, ఆ పలకని నంబరు గుర్తుకొచ్చింది.

5. మస్కట్‌లో నర్సుగా ఉన్న చెల్లెలు మాబెల్‌కు అమ్మ గొడుగు. అక్కడ వానలు పడవని నాకు తెలుసు. ఎండకు వేసుకోవాలి. డెన్నిస్ కూతురు జెర్లిన్‌కు నా టైపు మిషను. దీనికి స్క్రీనేది పెదనాన్నా అని అడుగుతుంది. కాగితమే స్క్రీను అని ఎవరైనా చెప్పండి.

6. నా అంత్యక్రియల గురించి. పాస్టరు గారు ప్రసంగం పొట్టిగా చేయాలి. పరలోకంలో పేదవాళ్లకు దక్కేవాటి జాబితా చదివే ముందు ఇహలోకంలో ఎందుకు దక్కలేదో ఒక్క మాట

ఇక్కడ రాత ఆగింది. ఫోను మోగింది.

ఈ రోజు శుక్రవారం. ఎత్తాను. "సార్, పూలమ్మ" అన్నది ఒక గొంతు. టక్కున పెట్టేసింది. ఎలా ఉన్నావు, ఎక్కడున్నావు అనేలోపల పెట్టేశాడు రాజయ్య! అదీ పద్ధతి! నేను మెట్ల మీద నిలబడి, డాక్టరు వినకూడనంత గట్టిగా, "పూలమ్మా, దుబాయ్!" అని అరిచాను. ఇంతలో ఒకాయన ఎస్టీడీ చేయాలని లోపలికొచ్చి ఎర్ర ఫోను మీద చెయ్యి వేయబోయాడు. స్వేచ్ఛా మార్కెట్టు భక్తుడైన ఇంద్రసేన, నల్ల కోటుతో సహా, ఫోనుకూ ఆ గిరాకీకీ మధ్య అడ్డంగా నిలబడి, "ఈ లైను ఇప్పుడు అమ్మకానికి లేదు" అన్నాడు. ఒకటో నంబరు నిబంధనలో ఆర్థిక విషయాల గురించి రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. కొట్టివేత మీద సంతకం పెట్టాలట, ఆ శ్రమ పడను. చదివేవాళ్లే కొట్టేసుకోండి.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి పూలమ్మ గడియారం వైపు చూడలేదు. మంట తగ్గించటం కూడా మరిచింది. "ఇన్నొద్దులు యాడ సచ్చినవ్? మిర్చీలు మాడుతున్నయ్, జల్ది చెప్పు" అన్నది. అతను చెప్పింది విని, రిసీవరు గుండెకు అదుముకుని మా వైపు తిరిగింది. "ఔట్‌పాసట సార్. వస్తుండట. ముంబై దాంక ఇమానం, ఆడికెల్లి నాంపల్లికి రైలట."

కాగితాల్లేనివాళ్లంతా పాస్‌పోర్టు బదులు ఔట్‌పాస్ అనే చీటీ తీసుకుని, జరిమానా లేకుండా ఇళ్లకు పొమ్మని అక్కడి సర్కారు గడువు పెట్టిన సంగతి పేపర్లో నేను చదివాను. దాని మీద ఒక వ్యాసం కూడా రాశాను, కోపంగా. చవగ్గా వాడుకుని ఇప్పుడు దయ చూపిస్తున్నారా అని. వ్యాసంలో ప్రతి అక్షరానికీ కట్టుబడి ఉన్నాను. అయితే మాడిపోయిన మిర్చీలను పూలమ్మ దారిన పోయేవాళ్లందరికీ పంచుతుంటే నేను నాలుగు తిన్నాను, ఎస్టీడీకి వచ్చినాయన రెండు తిన్నాడు, ఇంద్రసేన కోటుకు నూనె అయింది. ఇదీ కట్టుబడే రాస్తున్నాను.

7. సవరణ. ఈ వీలునామాకు రెండో సాక్షిగా రాజయ్యే సంతకం చేయాలని నేను నిర్ణయించాను. ఇంద్రసేన చెయ్యెత్తాడు. సాక్షికి గానీ, సాక్షి భార్యకు గానీ వీలునామాలో రాసినది చెల్లదట, చట్టం అంతేనట. రాజయ్య సాక్షి అయితే పూలమ్మకు మల్గీ రాదు. ఈ మాట పూలమ్మకు చెప్పటానికి నాకు నోరు రాలేదు. ఇంద్రసేనే చెప్పాడు. ఆమె బండి పట్టుకుని వంగి వంగి నవ్వింది. "ఓ సార్, మొగుడు రాంగనే మల్గి పాయె!"

సాక్షి కూతురికి ఇవ్వవచ్చా అని అడిగాను. ఇవ్వవచ్చునట. చట్టం రాసినవాళ్లకు స్నేహలత సంగతి తెలిసినట్టు లేదు. కనుక రెండో నంబరు నిబంధనలో మల్గీ పూలమ్మకు చెందాలి అన్నచోట ఆమె కూతురు స్నేహలతకు చెందాలి అని చదువుకోవాలి. కాలేజీ నుంచి వచ్చి సంగతి విని, కళ్లు తుడుచుకుని, ఆమె మొదట అన్న మాట: "ఫోను ఉంచుత అంకుల్. అటక మాత్రం ఖాళీ చేయిస్త."

దుబాయ్ టైము గడియారాన్ని పూలమ్మకు వీలునామాలో ఇవ్వటం లేదు. బతికుండగా చేతికిచ్చేదాన్ని ఏ సెక్షనూ ఆపలేదు. కుర్చీ ఎక్కి ఇప్పుడే దింపాను. ముల్లు నాంపల్లి టైముకు తిప్పి ఇచ్చాను. బండికి కట్టుకుంది.

8. రాజయ్య పిలుపు వచ్చింది కనుక ఫోను షరతు తీరిపోయిందని డెన్నిస్ వాదిస్తాడు. తీరలేదు. ఆ నంబరు నోటికి వచ్చినవాళ్లు ఇంకా ఎందరు ఎక్కడెక్కడున్నారో నాకు తెలియదు. ఒక్క మనిషయినా పేరు చెప్పి పెట్టేసే అవకాశం ఉన్నంతకాలం ఆ ఫోను తీయించరాదు.

9. రెండో సాక్షి స్థలం ఖాళీగా ఉంచాను. నేను సంతకం చేశానని రాజయ్యకు నా నోటితో చెబితే, అతను తర్వాత సంతకం చేసినా చెల్లుతుందని ఇంద్రసేన భరోసా. అప్పటిదాకా ఈ కాగితం వీలునామా కాదు, కనుక నేను చావటానికి వీల్లేదు. పేపరు చదవటం రైలు వచ్చేదాకా మానేశాను.

హైదరాబాద్, నాంపల్లి, 2007 జూలై 13, శుక్రవారం.

(సంతకం) ఆనంద్ పాల్

సాక్షులు:

1. ఇంద్రసేన, వకీలు, గన్‌ఫౌండ్రీ. (ఆర్థిక విషయాల్లో అభిప్రాయభేదంతో సంతకం చేయడమైనది.)

2. రాజయ్య. 2007 జూలై 29, ఆదివారం, నాంపల్లి స్టేషను బయట. చిరునామా, సొంత చేత్తో: పూలమ్మ మిర్చి బండి, నాంపల్లి.