పోశవ్వకు ఏ పుస్తకం ఇవ్వను

బొగ్గుబాయిల నుండి,
ఆదిలాబాదు జిల్లా.

అక్కకు తమ్ముడు నర్సయ్య దండం పెట్టి రాస్తున్నది. నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. అవ్వ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి? బాపు ఇంకా మగ్గం గుంటలోకి దిగుతున్నాడా? హుస్నాబాదులో నూలు సరిగా దొరుకుతోందా? బావ, పిల్లలు ఎట్లున్నారు? అన్నీ వివరంగా రాయి. అందరం క్షేమం అని ఒక్క ముక్కతో సరిపెట్టకు.

బాగానే ఉన్నానని మళ్లీ రాస్తున్నాను. ఎందుకంటే ఈ ఉత్తరం చదివాక నీకు అట్లా అనిపించదు. ఇక్కడ పోశవ్వ అని ఒక ఆడమనిషి ఉంది. ఆమెకు ఏ పుస్తకం ఇవ్వాలో నాకు తెలియడం లేదు. పుస్తకాలు ఇవ్వడమే నా కొలువు, అయినా తెలియడం లేదు. మొదటి నుంచి చెబుతాను. నీకేమైనా తోస్తే రాయి.

ఇక్కడి సంగతి ఏం రాయమంటావు? పొద్దున ఉతికి ఆరేసిన అంగీ మధ్యాహ్నానికి మసిబారుతుంది. హోటలు పప్పులో పప్పు వెతుక్కోవాలి. నువ్వు పంపిన మామిడికాయ తొక్కుతోనే ఇన్నాళ్లూ నాలుగు మెతుకులు లోపలికి పోయాయి, అదీ అడుగంటింది. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకో సీసా పంపు, బాపు నేసిన మందపాటి దుప్పటి ఒకటి పంపు. చలి ముదురుతోంది. సెలవు రోజు వచ్చిందంటే పలకరించే దిక్కుండదు. అందుకే సెలవైనా పోయి లైబ్రరీ తాళం తీసుకుని కూచుంటాను.

వచ్చిన కొత్తలో నేనో పెద్ద మొనగాణ్ణనుకున్నాను. శిక్షణలో పుస్తకాలను అరల్లో వరుసగా పెట్టడం నేర్పారు గానీ, మనిషిని చూసి పుస్తకం చేతిలో పెట్టడం నేర్పలేదు. ఎవరొచ్చినా నాకు నచ్చిన సాంఘిక నవలలే ఇచ్చేవాణ్ణి, ఇంటిల్లిపాదీ ఏడ్చేవి. తీసుకున్నవాళ్లు మళ్లీ ఇటు తొంగిచూస్తే ఒట్టు.

నన్ను దారిలో పెట్టింది రాజేశం. పోశవ్వ భర్త. బాయిలో బొగ్గు ఎత్తే పని. కార్మిక సంఘం వాళ్లు నడిపిన రాత్రిబడిలో, మీసాలొచ్చాక అక్షరాలు నేర్చుకున్నాడు. వాళ్ల ఇళ్ల వరుసలో చదువొచ్చింది అతనొక్కడికే. సాయంత్రాలు అతను పైకి చదివితే మిగతావాళ్లంతా అరుగుల మీద చేరి వింటారు. లైబ్రరీకి వచ్చినప్పుడల్లా అతని దోస్తు కొమురయ్య వెంట వచ్చేవాడు. ఇద్దరిదీ ఒకే జట్టు, ఒకే బీడీ. నేనిచ్చిన సాంఘిక నవలను రాజేశం తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సారూ, దినాం బాయిల సచ్చి బతికి పైకొస్తం. పైకొచ్చి గూడ ఏడ్వాల్నా? ఏం కత గావాలె అని అడుగకు, మాకేం ఎరుక. పోయిన కత యాడ మంచిగనిపిచ్చింది, యాడ నిద్రొచ్చింది, గదడుగు. నీకే సమజైతది."

అప్పటినుంచి అదే అడగడం మొదలుపెట్టాను. డిటెక్టివ్ నవలలు అడిగేవాళ్లంతా ఒక్కతీరు కాదని తెలిసింది. ఒకరికి హంతకుడు పట్టుబడితేనే తృప్తి, ఇంకొకరికి వాడు తప్పించుకు పరుగెత్తుతున్నంతసేపే సంబరం. పోస్టాఫీసు గుమాస్తాకు దయ్యాల కథలు కావాలి, చివరికి దయ్యమే లేదని తేలిందో, నామీద పడతాడు. పెళ్లాన్ని ఊళ్లో విడిచి వచ్చిన కుర్రవాడికి ప్రేమకథ ఇవ్వకూడదు, నవ్వించేది ఇవ్వాలి. ఉర్దూ బడిలో చదువుకున్న ముసలాయనకు చారిత్రక నవల ఇస్తే తప్పులు వెతికి తెచ్చి చూపిస్తాడు, అదే ఆయనకు పండగ. వీళ్లకోసం, ఒకప్పుడు ఛీ అనుకున్నవన్నీ కూచుని చదివాను. కొన్ని బాగున్నాయి కూడా, నవ్వకు.

ఒక నవల మాత్రం నేను చదవకముందే పోయింది. కొత్త పుస్తకాల కట్ట విప్పుతుంటేనే రాజేశం లాక్కున్నాడు. కోటలు, కత్తియుద్ధాలు, ఇద్దరు దోస్తు సిపాయిలు. అరుగుల మీద జోరుగా నడుస్తోందని, ఇంకొక్క అధ్యాయమే ఉందని, వేరేది తీసి పెట్టమని ఒకనాడు వచ్చి చెప్పి పోయాడు. తెల్లారి పొద్దుటి షిఫ్టులో బాయిలో అతని మీద బండ పడింది. కొమురయ్య అతన్ని వీపున వేసుకుని మోసుకొచ్చాడట. పైకి చేరేసరికి ప్రాణం లేదు.

ఎట్లా రాయాలక్కా? నాకీ ఊళ్లో ఉన్న ఒక్క దోస్తు అతనేనని, పోయాక తెలిసింది. ఆ రోజంతా తలుపు వైపు చూస్తూ కూచున్నాను. ఎవరికి ఏం పుస్తకమిచ్చానో గుర్తు లేదు.

దినాలు గడిచాక కొమురయ్య వచ్చాడు, పుస్తకం తువ్వాలలో చుట్టుకుని. తిరిగి ఇవ్వడానికనుకున్నాను. కాదు, ఆ ఆఖరి అధ్యాయం వినకపోతే రాజేశం పని సగంలో విడిచిపెట్టినట్టుందని జట్టువాళ్లు అంటున్నారట, వచ్చి చదవమన్నాడు. ఆ సాయంత్రమే పోయాను. రాజేశం ఇంటి అరుగు మీదే కూచోబెట్టారు. పోశవ్వ తలుపు వెనక ఉంది, కొంగు మాత్రమే కనబడుతోంది.

చదువుతూ పోతే కోట తలుపు దగ్గర ఒక సిపాయి కూలిపోయాడు. రెండోవాడు వాణ్ణి వీపున వేసుకుని ఊరి దారి పట్టాడు. నేను తలెత్తి చూశాను. కొమురయ్య మోకాళ్ల మధ్య తల దూర్చుకుని ఉన్నాడు. కళ్లు పుస్తకం మీదే పెట్టి, అందులో లేనిది చదివాను. వాగు దగ్గర దింపి నీళ్లు చల్లితే వాడు కళ్లు తెరిచాడని, ఇద్దరూ ఇల్లు చేరారని చదివి పుస్తకం మూశాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బతికిండు, మంచిగైంది అనుకుంటూ ఒకాయన లేచి పోయాడు. మంచి పని చేశాననే అనుకున్నాను. లోపల గర్వం కూడా కలిగింది.

అందరూ పోయాక పోశవ్వ బయటికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"సారూ, గా సిపాయి బతుకడు గదా," అంది.

బుకాయించబోయాను. ఆమె చెప్పుకుంటూ పోయింది.

"ఆయినకు సదువు తడబడేది. అరుగు మీద నవ్వుతరని, ముందుగాల నాకు సదివి సూసుకునేటోడు. గీ ఆఖరుది బాయికి పోయే పొద్దుగాల్నే సదివిండు. చాయ్ సల్లారిపోతున్నా సదివిండు. గాయిన నోట నేనిన్నది గదే ఆఖరు. నువ్వు సదువుతుంటె ఆయిన గొంతు యాదికొస్తదని తలుపెన్క కూసున్న. నువ్వేమో వేరేది సదివినవు."

అక్కా, భూమిలో కూరుకుపోయినట్టయింది. మళ్లీ అరుగు మీద కూచుని, పుస్తకం తెరిచి, ఆ అధ్యాయం మొదటి నుంచి ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆమె గడప అవతల కూచుంది. నాకంటే ముందే ఆమె పెదాలు కదులుతున్నాయి. ఒక కష్టమైన మాట దగ్గర చెయ్యెత్తి ఆపింది. "గీడ ఆయిన ఆగి, మల్లొకసారి సదివిండు," అంది. నేనూ ఆగి మళ్లీ చదివాను. సిపాయి చచ్చిపోయాడు. దోస్తు వాణ్ణి ఊరికి మోసుకుపోయాడు.

తొందరపడి, రాజేశం అడగొద్దన్నదే ఆమెను అడిగాను. వారం వారం వచ్చి చదువుతాను, ఎట్లాంటి కథ తేవాలి అని.

"ఆయిన సదువని కత నాకెందుకు సారూ."

అప్పటినుంచి రాజేశం ఇదివరకు తీసుకుపోయినవే ఒక్కొక్కటి తీసుకుపోయి చదువుతున్నాను. విన్నదే ఎన్నిసార్లు వింటామని జట్టువాళ్లు రావడం మానుకున్నారు. కొమురయ్య వస్తాడు, తలుపు వెనక ఆమె ఉంటుంది. లైబ్రరీలో అన్ని రకాల నవలలూ ఉన్నాయి, అతను చదివినవి మాత్రం అరలో ఒక మూలకు సరిపోతాయి. అవి అయిపోవస్తున్నాయక్కా. కావాలనే నిదానంగా చదువుతున్నాను.

అవ్వకు, బాపుకు నా దండాలు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఈసారి కొండగట్టుకు పోతే నా పేరున, కొమురయ్య పేరున ఒక్కొక్క కొబ్బరికాయ కొట్టించు. అతనింకా రోజూ బాయిలోకి దిగుతున్నాడు. మీ అందరి దీవెనలు కోరుతూ,

నీ తమ్ముడు
నర్సయ్య