పెళ్లిచీరకు బూజు

అత్తా,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. మన దీవిలో, ఈ హోప్ టౌన్‌లో వానలు ఇంకా వదల్లేదు.

నీ మనవడికి పెళ్లి చేశాం. కోడలు గౌరి సోంపేట పిల్ల, వచ్చి రెండు నెలలైంది. ఈ పొద్దున పెట్టె తెరిచి, పెళ్లిచీరకు పట్టిన బూజు చూసి ఏడుస్తూ కూర్చుంది.

"ఉప్పు నీరైపోతంది. అగ్గిపుల్ల ఎలగదు. ఒంటిమీద చెమటే ఆరదు. నానిక్కడుండలేనత్తా, ఎల్లిపోతాను," అంది.

కొత్తలో నేను నీతో అన్న మాటలే అవి. అప్పుడు నువ్వు చేసిందే నేనూ చేశాను. "చలో గౌరీ, జెట్టీకాడికెల్దాం రా," అని తీసుకెళ్లి పడవలాగే మెట్ల మీద కూర్చోబెట్టాను. సన్నగా వాన పడుతోంది. బెరుకుబెరుగ్గా నీళ్లలో కాళ్లు పెట్టింది.

"ఇదేటత్తా, సముద్రం వేన్నీళ్లలాగుంది!" అని నవ్వింది. సముద్రపు గాలికి జుట్టు విప్పుకుని గంటసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇంటికొచ్చాక వాళ్లమ్మకు ఫోన్ చేసింది. "ఇప్పుడు రానులేమ్మా," అనడం వంటింట్లోంచి విన్నాను. అంతదాకా ఆపి పట్టుకున్న గరిటెను అప్పుడు మళ్లీ తిప్పాను.

ఆ రోజు నన్ను జెట్టీకి తీసుకెళ్తూ నువ్వెంత భయపడ్డావో ఇప్పుడు తెలిసిందత్తా.