సుగుణ ఫిడేలు శ్రుతి

జూలై 3

నిన్న నా భార్య సుగుణ పోయింది. పొద్దున అర గ్లాసు గంజి తాగింది. పదింటికి గోడ మీది ఫిడేలు అడిగింది. తీసిచ్చాను. కమాను పట్టుకోలేకపోయింది. ఫిడేలు పొట్ట మీద పెట్టుకుని పడుకుంది.

"ఆ పాటకి మీరొక చరణం కట్టండి. ముప్పయ్యేళ్లు తప్పించుకున్నారు."

"సాయంత్రం చూద్దాంలే."

నాలుగింటికి ఊపిరి ఆగింది. నేను వంటింట్లో పాలు కాస్తున్నాను.

ఇవాళ సమాధి చేశాం.

జూలై 6

అది సుగుణ నర్సు ట్రైనింగులో ఉన్నప్పుడు మిషన్ ఆసుపత్రి అమెరికన్ డాక్టరమ్మ నేర్పిన పాట. వాళ్ల కొండ ఊళ్లలో మొక్కజొన్న ఒలుపులయ్యాక దీనికి చిందులేసేవాళ్లట. మాటలు ఎవరి సొంతమూ కావు. కోడి, నక్క, సారా పీపా... ఎవరు వాయిస్తే వాళ్లు రెండు పాదాలు అతికిస్తారు. సుగుణ తెలుగులో అతికించింది—

ఎండ్రకాయ పెళ్లికొడుకు పక్కకే నడిచె
అత్తగారి ఊరు దాటి అల్లూరు జేరె

నా మీద కూడా—

మా సారు గొడుగేమో మూలన నిలిచె
వాన వెలిసినాకనే వాకిట తెరిచె

నేను నవ్వలేదు. చర్చి సంఘపెద్ద ఇంట్లో చిందుల పాటేమిటన్నాను. అప్పటినుంచి పెరట్లో, రొయ్యల చెరువు వైపు తిరిగి వాయించేది. నీళ్లు చిలికే ఏరేటర్ల మోతలో.

జూలై 7

వాన. గొడుగు మూలనే ఉంది.

జూలై 19

పాస్టరుగారు వచ్చారు. నలభై రోజులకి జ్ఞాపకార్థ కూడిక. "అమ్మ పాట కూడా వాయిద్దాం అయ్యా. దేవుడికి చిందులు కొత్తా? దావీదు వెయ్యలా?"

వద్దంటానేమోనని నా వైపు చూశారు. అనలేదు.

ఆగస్టు 2

మందిరంలో వాయించే దేవదాసుకి ఫిడేలు ఇచ్చాను. బోగోలులో టీచరు. స్వరం కాగితం చూసి వాయిస్తాడు. "సరిగ్గా శ్రుతి చేసుకో" అన్నాను.

ఆగస్టు 6

దేవదాసు ఫోను. "శ్రుతి మొత్తం తప్పిపోయుండె సార్. లావు తీగలు రెండూ పైకి బిగించుండారు. దించి సరిచేసినా. కానీ నాకు గుర్తున్న ముక్క వాయిస్తే అమ్మ పాట మాదిరి పలకడంలా."

ఆగస్టు 8

దేవదాసు దగ్గర ఫిడేలు తీసుకుని కావలి వెళ్లాను. ఖాదర్ భాయ్ హార్మోనియంల అంగడి. సుగుణ తీగలు అక్కడే కొనేది. భాయ్ తీగలు మీటి చూసి, నా ముఖం చూశాడు.

"ఎవురు సార్ దించింది? అది తప్పు కాదు. ఆ పాటకి అట్లనే బిగించుకోవాల. అమ్మే చెప్పింది నాకు."

దించమన్నది నేనే. ఆమె చేత్తో ఆఖరుసారి తిప్పిన శ్రుతి బిరడాలు...

"మళ్లా బిగిస్తా, ఏం పోలా" అన్నాడు.

పోయింది.

"పాట మొదటి సగం నాకొచ్చు సార్. రెండో సగం ఎవురికొచ్చు?"

ఫిడేలు అక్కడే వదిలి వచ్చాను.

ఆగస్టు 9

పెరట్లో కూర్చున్నాను. ఏరేటర్లు తిరుగుతున్నాయి. రెండో సగం నోట్లోకి దానంతటదే వచ్చింది. చివరిదాకా, ఎక్కడా తడబడకుండా.

వద్దన్నవాడికి తప్ప ఇంకెవరికీ రాదు.

ఆగస్టు 10

రేపు నాలుగింటికి కూడిక. చరణం కట్టాలని పొద్దుటి నుంచి కూర్చున్నాను. ఒక్క పాదం—

పాలు పొంగేలోపే పాట ఆగిపోయె

రెండోది రావడం లేదు.

రేపు ఉదయం మొదటి బస్సుకి కావలి వెళ్తాను. దేవదాసుని అంగడికే రమ్మన్నాను. ఖాదర్ భాయ్ లావు తీగలు బిగించాక, వాళ్లిద్దరి ముందు రెండో సగం నోరు తెరిచి పాడతాను.